స్టీరింగ్ తిప్పితే కిర్రుమంటోందా? ర్యాక్ మార్చే ముందు ఇవి చూడండి

పరకాల నుంచి ఒక టీచర్ గారు రాశారు: "మాది ఏడేళ్ల వాగన్‌ఆర్. రోజూ హన్మకొండ వైపు బడికి అందులోనే వెళ్లొస్తాను. నెల రోజులుగా గేటు దగ్గర రివర్స్ తీస్తూ స్టీరింగ్ తిప్పితే ముందు ఎడమ చక్రం దగ్గర కిర్రుమని సౌండ్ వస్తోంది. తిన్నగా పోతుంటే ఏమీ ఉండదు. వాన పడ్డ రోజు రాదు, రెండు రోజులు ఎండ కొడితే మళ్లీ మొదలు. ఇక్కడి మెకానిక్ సిరంజితో గ్రీజు ఎక్కిస్తే వారం ఆగి మళ్లీ వచ్చింది. వరంగల్‌లో ఒక వర్క్‌షాప్‌లో చూపిస్తే స్టీరింగ్ ర్యాక్ పోయింది, 28 వేలు అవుతుందన్నారు. ఈ మధ్య స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు టక్‌మని కూడా అంటోంది. మా బాపు ఆ కారు తియ్యొద్దంటున్నాడు. నిజంగా ర్యాకేనా? బతుకమ్మ సెలవుల దాకా ఇలాగే నడపొచ్చా?"

టీచర్ గారూ, ముందు మీ రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను. నడపకండి. బాపు మాట వినండి. ఒక్క కిర్రు సౌండే అయితే నాలుగు రోజులు చూసుకుని చేయించుకోవచ్చు అని ఉండేవాడిని. కానీ దానికి స్పీడ్ బ్రేకర్ మీద వచ్చే టక్ తోడైంది. అది ఏమిటో తేలేదాకా కారు ఇంట్లోనే ఉండనివ్వండి. పరకాల నుంచి హన్మకొండకు బస్సులకు కొదవ లేదు. రెండు మూడు రోజులు బస్సులో వెళ్లండి. మీరు వెళ్లే దారిలో భూపాలపల్లి నుంచి వచ్చే బొగ్గు లారీలు, ఇసుక లారీలు తిరుగుతాయి. అలాంటి రోడ్డు మీద ముందు చక్రం మీద నమ్మకం లేని కారు వద్దు.

ఇక ర్యాక్ సంగతి. మీరు స్టీరింగ్ తిప్పితే ఆ కదలికను ముందు చక్రాలకు చేరవేసే పళ్ల కడ్డీయే స్టీరింగ్ ర్యాక్. మీరు రాసినదాన్ని బట్టి నాకు ర్యాక్ మీద అనుమానం తక్కువ. ర్యాక్ అరిగితే స్టీరింగ్‌లో ప్లే వస్తుంది, అంటే వదులై కొంచెం తిప్పినా చక్రం కదలదు. గతుకుల మీద ఆ టకటక చేతులకే తెలుస్తుంది. ఒక్కోసారి స్టీరింగ్ బిగుసుకుపోతుంది. ఆయిల్‌తో నడిచే పవర్ స్టీరింగ్ ఉన్న కార్లలో, అంటే పాత ఇన్నోవా, బొలెరో లాంటివాటిలో, ర్యాక్ నుంచి ఆయిల్ కారుతుంది. మీ వాగన్‌ఆర్‌లో ఉన్నది కరెంటు మోటారుతో పనిచేసే స్టీరింగ్. అందులో స్టీరింగ్ ఆయిలే ఉండదు. రేపు ఎవరైనా "స్టీరింగ్ ఆయిల్ తగ్గింది, పోస్తే సరిపోతుంది" అంటే ఆ షాపు నుంచి వచ్చేయండి.

మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన వాక్యం వాన గురించి రాసినది. దాన్ని మీరు వర్క్‌షాప్‌లో చెప్పారో లేదో తెలియదు. చెప్పి ఉంటే వాళ్లు ర్యాక్ దాకా పోయేవాళ్లు కాదనుకుంటాను. పొడి రబ్బరు ఇనుముకు రాసుకుంటున్నా, గ్రీజు ఎండిపోయిన కీలు తిరుగుతున్నా నీళ్లు తగిలితే కాసేపు నోరు మూస్తుంది. ఆరగానే మళ్లీ మొదలు పెడుతుంది. బెల్టు సౌండ్ సాధారణంగా దీనికి వ్యతిరేకంగా ఉంటుంది. బెల్టు వదులైతే వాన రోజు, తెల్లవారుజామున తేమలో ఎక్కువగా కీచుమంటుంది. మీ కారులోనూ స్టీరింగ్ మోటారు కరెంటు గట్టిగా లాగినప్పుడు కారుకు కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ మీద లోడు పడి బెల్టు జారే అవకాశం ఉంది. కాకపోతే ఆ సౌండ్ బానెట్ కింద నుంచి వస్తుంది, చక్రం దగ్గర నుంచి రాదు. మీకు వాన పడితే ఆగుతోంది, అదీ చక్రం దగ్గర. కాబట్టి బెల్టును పక్కన పెట్టేద్దాం.

ఇంకో సంగతి కూడా మీరే చెప్పేశారు. గేటు దగ్గర మెల్లగా తిప్పుతుంటేనే వస్తోంది, రోడ్డు మీద రావడం లేదు. కారు కదులుతుంటేనే వచ్చే సౌండ్లు వేరు. యాక్సిల్ జాయింట్ పోతే మలుపులో టకటకటక అంటుంది, కిర్రుమనదు. వీల్ బేరింగ్ పోతే హూమని మోత వస్తుంది, ఒక వైపు తిరిగితే పెరుగుతుంది, రెండో వైపు తిరిగితే తగ్గుతుంది. బ్రేకు డిస్కుకూ దాని వెనక ఉండే రేకుకూ మధ్య కంకర రాయి ఇరుక్కుంటే ఇనుము గీసినట్టు చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది. మన దగ్గర సగం వేసి వదిలేసిన కంకర రోడ్లకు తక్కువ లేదు కాబట్టి ఇది తరచూ జరిగేదే. చాలాసార్లు నాలుగు గజాలు రివర్స్ తీస్తే రాయి దానంతటదే రాలిపోతుంది. షాపింగ్ మాల్ సెల్లార్లలో నున్నటి నేల మీద టైర్లు కీచుమంటే అది రోగమే కాదు.

మీ కారు విషయంలో మిగిలినవి మూడు. స్ప్రింగు పైన ఉండే షాకబ్జర్ మౌంటింగ్ బేరింగ్, కింద లోయర్ ఆర్మ్ చివర ఉండే బాల్ జాయింట్, ఆ ఆర్మ్‌ను బాడీకి బిగించే చోట ఉండే రబ్బరు బుష్‌లు. ర్యాక్ నుంచి చక్రానికి వచ్చే కడ్డీ చివర ఉండే కీలు, అంటే టైరాడ్ ఎండ్ కూడా కిర్రుమనొచ్చు కానీ మీరు చెప్పిన లక్షణాలకు అది అంత సరిపోదు. ఈ మూడింట్లో ఏదో మీ ఇంటి ముందరే తేల్చుకోవచ్చు. దానికి పానాలు అక్కర్లేదు, స్టీరింగ్ తిప్పడానికి ఒక మనిషి చాలు. ఇంట్లో డ్రైవింగ్ తెలిసిన తమ్ముడో, పక్కింటి వాళ్లో ఉంటే పిలవండి.

కారును చదునైన నేల మీద ఆపి హ్యాండ్ బ్రేక్ వేయండి, గేరు న్యూట్రల్‌లో పెట్టండి. వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. చున్నీ అయినా, చీర కొంగు అయినా నడుముకు చుట్టి దోపుకోండి. ఇంజిన్ ఆన్ చేసి, లోపలున్న మనిషిని స్టీరింగ్ మెల్లగా ఆ చివరి నుంచి ఈ చివరిదాకా తిప్పమనండి. ఫుల్ కటింగ్‌లో పట్టి ఉంచొద్దని చెప్పండి, మోటారుకు మంచిది కాదు. మీరు ఎడమ చక్రం పక్కన నిలబడి ముందు వినండి. సౌండ్ పై నుంచి, అంటే బానెట్ అంచు దగ్గర నుంచి వస్తోందా, కింద నేల వైపు నుంచి వస్తోందా? ఈ ఒక్క తేడాతోనే సగం తేలిపోతుంది. ఒకవేళ బయట ఏమీ వినబడక, లోపల కూర్చున్న మనిషికి మాత్రమే పెడల్స్ వైపు నుంచి వినబడితే, స్టీరింగ్ రాడ్ బాడీలోంచి బయటికి పోయే చోట ఉండే రబ్బరు సీలు ఎండిపోయిందని అర్థం. అక్కడ కొంచెం సిలికాన్ గ్రీజు రాస్తే పని అయిపోతుంది.

తరవాత చెయ్యి పెట్టి చూడాలి. చక్రం పైన ఫెండర్ లోపల పెద్ద స్ప్రింగు కనబడుతుంది. మీరు అందుకోబోయే ముందు స్టీరింగ్ కదలకుండా ఆపించండి. నాలుగు వేళ్లూ చాచి స్ప్రింగు బయటి వైపు ఆనించండి. వేళ్లు చుట్ల మధ్యకు పోకూడదు, టైరుకూ ఫెండర్‌కూ మధ్య చెయ్యి ఇరుక్కునేలా ఉండకూడదు. ఇప్పుడు బాగా మెల్లగా తిప్పమనండి. మౌంటింగ్ బేరింగ్ బాగుంటే స్ప్రింగు చక్రంతో పాటు నున్నగా తిరుగుతుంది, చేతికి పెద్దగా ఏమీ తెలియదు. బేరింగ్ పట్టేస్తే స్ప్రింగు మొదట కదలదు. కింద చక్రం తిరుగుతున్నకొద్దీ మెలిపడుతూ మెలిపడుతూ ఒక్కసారిగా ఎగిరినట్టు తిరుగుతుంది. ఆ దెబ్బ అరచేతిదాకా వస్తుంది, సరిగ్గా అదే క్షణంలో సౌండ్ కూడా వినబడుతుంది. ఒకసారి తెలిస్తే ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ తరవాత కుడి స్ప్రింగు మీద కూడా అలాగే చెయ్యి పెట్టి పోల్చుకోండి.

బేరింగ్ పట్టేసిన కారులో ఇంకో గుర్తు కూడా ఉంటుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ వదిలితే దానంతటది తిన్నగా రాదు, మీరే తిప్పి తేవాలి. గూడెప్పాడ్ దగ్గర హన్మకొండ వైపు తిరిగాక స్టీరింగ్ ఈ మధ్య బద్ధకంగా వస్తోందా అని ఒకసారి గుర్తు చేసుకోండి. బాల్ జాయింట్ బిగుసుకున్నా ఇలా జరగొచ్చు కాబట్టి దీన్నొక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పకండి.

స్ప్రింగు నున్నగా తిరిగి, సౌండ్ కింద నుంచే వస్తుంటే మిగిలినవి బాల్ జాయింట్, బుష్‌లు. స్టీరింగ్‌ను ఎడమకు ఫుల్ కటింగ్ చేసి ఇంజిన్ ఆపేసి తాళం చేతిలోకి తీసుకోండి. కారు ముందు వైపు నుంచి వంగి, ఎడమ చక్రం లోపలి వైపు మొబైల్ టార్చ్ వేయండి. కింద బాడీ నుంచి చక్రం దాకా వచ్చే ఇనుప చెయ్యి కనబడుతుంది, అదే లోయర్ ఆర్మ్. అది చక్రాన్ని కలిసే చోట చిన్న నల్లటి రబ్బరు టోపీ లాంటిది ఉంటుంది. దాన్నే మెకానిక్కులు బూటు అంటారు. ఆ బూటు లోపలే బాల్ జాయింట్ ఉంటుంది. తుంటి ఎముక తల గిన్నెలో కూర్చుని తిరిగినట్టు ఒక ఇనుప గుండు గ్రీజులో కూర్చుని తిరుగుతూ ఉంటుంది. మీరు స్టీరింగ్ తిప్పినప్పుడల్లా చక్రం దాని మీదే తిరుగుతుంది.

బూటు చిరిగితే మీకు తెలిసిపోతుంది. మంచి గ్రీజు వేలికి నున్నగా, జిడ్డుగా తగులుతుంది. చిరిగిన బూటు చుట్టూ ఎర్రమట్టి రంగులో, వేళ్ల మధ్య నలిపితే ఇసుకలా గరగరలాడే ముద్ద ఉంటుంది. గ్రీజు కడుక్కుపోయి, తుప్పూ దుమ్మూ కలిసి అయిన ముద్ద అది. మన వైపు ఇది త్వరగా రావడానికి కారణాలున్నాయి. ఎండాకాలమంతా సన్నటి దుమ్ము, బొగ్గు పొడి. వానాకాలంలో రోడ్ల మీద మోకాలి లోతు నీళ్లు. 2023 జులైలో హన్మకొండ, వరంగల్ కాలనీల్లో ఎన్ని కార్లు నీళ్లలో నిలబడ్డాయో మనందరం చూశాం. మీరు ఆ తరవాత సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారైతే సీటు కింద పట్టాలకు తుప్పు ఉందేమో కూడా చూసుకోండి. మునిగిన కారులో కీళ్లన్నీ ఒకదాని వెనక ఒకటి మొదలవుతాయి.

కంటికి ఏమీ కనబడకపోతే నీళ్లతోనే పట్టుకోవచ్చు. మొక్కలకు కొట్టే చిన్న స్ప్రే సీసాలో నీళ్లు తీసుకుని ముందు ఒక్క బాల్ జాయింట్ బూటు మీద మాత్రం కొట్టండి. చెయ్యి తీసేశాక స్టీరింగ్ తిప్పించి వినండి. మారకపోతే లోయర్ ఆర్మ్ బాడీకి బిగించిన చోట రబ్బరు బుష్ మీద కొట్టి మళ్లీ వినండి. దేని మీద కొడితే సౌండ్ ఆగిందో, లేక మారిందో, దొంగ అక్కడే ఉన్నాడు. తొందరపడి అన్నిటి మీదా ఒకేసారి కొట్టేశారంటే ఆ రోజుకు పరీక్ష పాడైనట్టే, ఆరేదాకా ఆగాలి. ఇంజిన్ ఆపి బానెట్ మూల దగ్గర రెండు చేతులతో కారును కిందికి నొక్కి వదిలితే కూడా కిర్రుమంటోందేమో చూడండి. అలా వస్తే బుష్ మీదో బాల్ జాయింట్ మీదో అనుమానం బలపడుతుంది.

మీరు చేయాల్సింది ఇంతవరకే. దీని తరవాత కారును పైకి లేపాలి, ఆ పని మీరు చేయొద్దు. స్టెప్నీ మార్చే జాకీ ఒక్కదాన్ని నమ్ముకుని ఎవరినీ కారు కిందికి దూరనివ్వొద్దు, మెకానిక్‌ను కూడా. కారు తీసుకుపోకుండా మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి, జాకీ స్టాండ్లు తెమ్మనండి. చక్రం గాలిలో వేలాడుతుండగా లోయర్ ఆర్మ్‌కూ చక్రం బిగించి ఉండే హబ్‌కూ మధ్య రాడ్ పెట్టి ఎత్తి చూడమని చెప్పండి. బాల్ జాయింట్‌లో ప్లే ఉంటే అక్కడ టక్ టక్‌మని కదలడం మీ కళ్లకే కనబడుతుంది. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే వచ్చే కదలిక బాల్ జాయింట్‌దో వీల్ బేరింగ్‌దో అయి ఉంటుంది. అటూ ఇటూ పక్కల పట్టుకుని ఊపితే వచ్చేది ఎక్కువగా టైరాడ్ ఎండ్‌ది. మీరు దగ్గర నిలబడి చూడండి. టీచరమ్మకు ఇవన్నీ ఎందుకని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

ప్లే కనబడితే ఆ కారు పార్టు మారేదాకా గేటు దాటకూడదు. బాల్ జాయింట్ గిన్నె అరిగీ అరిగీ ఒక రోజు గుండు బయటికి ఊడిపోతుంది. అప్పుడు చక్రం అడ్డంగా మడిచిపడుతుంది, స్టీరింగ్ తిప్పినా కారు వినదు. మెల్లగా పోతుంటే గేటు దగ్గరే ఆగిపోయి బయటపడతారు. ఎదురుగా లారీ వస్తున్నప్పుడు ఊడితే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు. కిర్రు సౌండ్‌తో మొదలై, స్పీడ్ బ్రేకర్ మీద టక్‌గా మారడం ఈ రోగం ముదిరే దారి. మీ ఉత్తరం చదవగానే నన్ను కలవరపెట్టింది అదే.

సిరంజితో గ్రీజు ఎక్కించిన మెకానిక్‌ను తిట్టకండి. పాత అంబాసిడర్లకు, జీపులకు కీళ్ల దగ్గర గ్రీజు నిప్పల్స్ ఉండేవి, ట్రాక్టర్లకు ఇప్పటికీ ఉన్నాయి. గన్‌తో గ్రీజు కొట్టడం ఆ బండ్లకు సరైన వైద్యం. ఆ చేతి అలవాటు ఇంకా పోలేదు. ఇప్పటి కార్ల బాల్ జాయింట్ సీలు చేసి వస్తుంది. సూదితో బూటును పొడిస్తే వారం రోజులు సౌండ్ ఆగుతుంది, ఆ తరవాత అదే రంధ్రం నీళ్లకు దారి అవుతుంది. దీనికన్నా నాకు బాధ కలిగించేది వాటర్ సర్వీసింగ్‌లో అడుగు భాగానికి డీజిలో, వాడేసిన ఇంజిన్ ఆయిలో కొట్టడం. తుప్పు పట్టదని, సౌండ్లు పోతాయని కొట్టిస్తారు. సౌండ్ నిజంగానే నాలుగు రోజులు పోతుంది. రబ్బరు మాత్రం ఆ నూనె తాగి ఉబ్బి మెత్తబడుతుంది. బుష్‌లు, బూట్లు అన్నీ రబ్బరే కదా. మీ కారుకు ఒట్టి నీళ్లు, షాంపూ చాలని ముందే చెప్పండి.

ఏది పోయిందో తేలాక చేయించే పని గురించి నాలుగు మాటలు. బాల్ జాయింట్ కొన్ని కార్లకు విడిగా దొరుకుతుంది, కొన్నింటికి లోయర్ ఆర్మ్‌తో కలిసే వస్తుంది. ఎలా వచ్చినా ర్యాక్ ఖర్చులో చిన్న వంతే అవుతుంది. స్క్రాప్‌లో విప్పిన పాత ఆర్మ్ చవకగా దొరికినా తీసుకోవద్దు. ఇది మ్యూజిక్ సిస్టమ్ కాదు, చక్రాన్ని పట్టి ఉంచే కీలు. కంపెనీ పార్టే ప్యాకెట్ మీద ఎమ్మార్పీ చూసి కొనండి. కుడి వైపు బూటును కూడా చూడమనండి. మౌంటింగ్ బేరింగే అయితే రెండు వైపులా కలిపి మార్చడం మేలు, రెండిటి వయసూ ఒకటే.

బేరింగ్ మార్చాలంటే స్ప్రింగును నొక్కి పట్టే పరికరం తప్పనిసరి. దాన్ని స్ప్రింగ్ కంప్రెసర్ అంటారు. అది లేకుండా తాడుతోనో ఇనుప తీగతోనో కట్టి విప్పుతామంటే ఒప్పుకోకండి. బిగుసుకున్న స్ప్రింగు ఎగిరితే దవడ పగులుతుంది, ప్రాణం మీదికి కూడా వస్తుంది. ఆ పరికరం ఉన్న షాపుకే ఇవ్వండి, ఆటోనగర్ దాకా పోవాల్సి వచ్చినా సరే. ప్లే లేదని తేలితే మెల్లగా నడుపుకుంటూ తీసుకెళ్లొచ్చు, ఉంటే లారీ మీద ఎక్కించి పంపండి.

లోయర్ ఆర్మ్ విప్పినా, బుష్‌లు మార్చినా మెకానిక్‌కు తప్పక చెప్పాల్సిన మాట ఒకటుంది. బుష్ బోల్టులను చివరగా బిగించేటప్పుడు చక్రాలు నేల మీద ఉండాలి, కారు బరువు వాటి మీద పడాలి. చక్రం గాలిలో వేలాడుతుండగానే బిగించేస్తే, కారు దించగానే రబ్బరు మెలితిరిగి అలాగే ఉండిపోతుంది. కొత్త బుష్ కొద్ది నెలల్లోనే చిరిగి మళ్లీ కిర్రుమంటుంది. మంచి మెకానిక్కులు కూడా తొందరలో దీన్ని మర్చిపోతారు. పార్టులు మంచివి కావని షాపువాళ్లను తిట్టే గొడవల్లో కొన్నింటికి మూలం ఇదే.

పని అయ్యాక వీల్ అలైన్‌మెంట్ చేయించండి. టైర్ల లోపలి అంచు అరిగి ఉందేమో అప్పుడే చూపించుకోండి. పాత పార్టును అడిగి చేతిలోకి తీసుకుని, గుండును వేళ్లతో అటూ ఇటూ తిప్పి చూడండి. మంచిదైతే గట్టిగా, ఒకే తీరుగా కదులుతుంది. పోయినదైతే వదులుగా లొడలొడలాడుతుంది, లేదా కొంచెం తిరిగి కొంచెం పట్టేస్తుంది. ఆ తరవాత మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని గేటు దగ్గర రివర్స్ తీయండి, ఒక స్పీడ్ బ్రేకర్ ఎక్కించి దించండి, మలుపు తిప్పి స్టీరింగ్‌ను వేళ్ల మధ్య వదులుగా జారనిచ్చి తిన్నగా వస్తోందో లేదో చూడండి. ఈ మూడూ సరిగ్గా ఉంటేనే డబ్బులివ్వండి.

ఇంత చేసినా ఎక్కడా ప్లే లేక, బేరింగ్ నున్నగా తిరిగి, నీళ్ల పరీక్షలోనూ ఏదీ దొరక్కపోతే అప్పుడు ర్యాక్ చూపించండి. అప్పుడు కూడా "పోయింది" అన్న ఒక్క మాటకు 28 వేలు ఇవ్వొద్దు. కారును లిఫ్ట్ మీద ఎత్తించి, ర్యాక్‌లో ప్లే ఎక్కడుందో, దాని బూటు ఎక్కడ చిరిగిందో చూపించమని అడగండి.